విరిగిన ఎతెకాఫ్

మా గల్లీలో ఇప్పుడు అందరూ నన్ను ‘వజీరా బీ’ అంటున్నారు. మొన్నటి రంజాన్ దాకా ఉత్త వజీరానే. పంపు దగ్గర బిందెల గొడవలో అయితే అదీ లేదు, ‘ఏయ్’ అంటే పలికేదాన్ని. ఇప్పుడు నేను వెళితే ఆడవాళ్ళు తమ బిందె పక్కకు జరిపి నాకు చోటిస్తారు. చంటిపిల్లకు జ్వరం వస్తే తెచ్చి, ఏదైనా చదివి ఊదమంటారు. ఊదుతాను. ఊదకపోతే వదలరు. ఈ గౌరవం నాకు ఎలా దక్కిందో ఉన్నదున్నట్టు చెబితే రేపటి నుంచి మళ్ళీ ‘ఏయ్’ అనే అంటారు. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఇంట్లో మేము మాట్లాడేది ఉర్దూ, పసుపు షెడ్డులో మాట్లాడేది తెలుగు. నలభై ఏడేళ్ళుగా ఆర్మూర్‌లోనే ఉండి రెండూ కలగాపులగం అయిపోయాయి కాబట్టి అన్నీ తెలుగులోనే చెబుతాను.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా ఊళ్ళో పసుపు తప్ప ఇంకో మాట ఉండదు. నేను ఆ నాలుగు నెలలు నందిపేట్ రోడ్డులో భూమేష్ షెడ్డుకు పోతాను. ఉడికించి ఎండబెట్టిన పసుపును అక్కడ పెద్ద ఇనుప డ్రమ్ములో తిప్పి పాలిష్ చేసి కుప్ప పోస్తారు. కుప్ప చుట్టూ పదిమంది ఆడవాళ్ళం కూర్చుని కొమ్ములు ఒక పక్క, గుండ్రంగా ఉండే గోళ ఒక పక్క, పుచ్చు ఒక పక్క ఏరతాం. పనికి బుర్ర అక్కర్లేదు. అందుకే నోళ్ళు ఆగవు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి డ్రమ్ము ఆగింది. చెవులు ఒక్కసారి ఖాళీ అయ్యాయి. అప్పుడు నాకు అనిపించింది, నేనిక్కడ ఎందుకున్నాను అని. పని కష్టమని కాదు. కూలి తక్కువనీ కాదు. ఎవరి పెళ్ళికో వచ్చి, భోజనాలు అయిపోయి, తీసుకెళ్ళే మనిషి ఇంకా రాక కుర్చీలో కూర్చున్నట్టు ఉంది. అందరూ బాగానే ఉన్నారు, పలకరిస్తున్నారు. కానీ ఎవరూ నా వాళ్ళు కారు.

నా పక్కన కూర్చునే నాగవ్వ నాకంటే పదేళ్ళు పెద్దది. ముప్కాల్ నుంచి వస్తుంది. దాని కన్ను పడకుండా ఏదీ పోదు.

“ఏందే వజీరా, గోళ దీస్కపోయి కొమ్ములల్ల ఏస్తున్నవ్? యాడుంది మనసు?”

“ఏమో నాగవ్వా. గిదంత నాది గాదన్నట్టు అయితుంది.”

“భూమేష్ సేటుది గదనే. నీదెట్లయితది?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నా వైపు వంగి మెల్లగా అడిగింది, “నెల నెల వచ్చుడు ఆగిందా?”

“ఏడాదాయె.”

“గదే మరి. ఆగినంక గిట్లనే అయితది. నేనైతే ఒక దినం మా ఆయనను జూసి గీనెవడు మా ఇంట్ల గీడ పన్నడు అనుకున్న.”

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ముందు రోజే అచ్చంగా నాకూ అలాగే అయింది. మా ఆయన ఖయ్యూమ్ ఆటో నడుపుతాడు, నందిపేట్ నుంచి ఆర్మూర్‌కు, ఆర్మూర్ నుంచి నందిపేట్‌కు. మంచి మనిషి. చెయ్యెత్తడు, తాగడు, పప్పులో ఉప్పు తక్కువైతే మాత్రం ఇల్లు లేపుతాడు. ఆ రోజు పళ్ళెం ముందు కూర్చుని అతను తింటుంటే చూస్తూ, ఈయన మంచివాడే, ఎవరి భర్తో పాపం అనుకున్నాను. అనుకున్నాక నాకే భయమేసింది.

కొడుకు ఫైజల్ కూడా అంతే. పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తాడు. వాడు చెప్పే మాటలు వింటున్నట్టు తలాడించి, ఒక్క ముక్క కూడా వినేదాన్ని కాదు. కోడలు ఫౌజియాది బోధన్. పెళ్ళయి ఏడాది, అప్పటికి ఐదో నెల. మెత్తని పిల్ల. నా వెనకే తిరుగుతుంది. “అమ్మీ, గిది ఎంత ఎయ్యాలె? అమ్మీ, గది యాడ వెట్టాలె?” అని రోజుకు వందసార్లు పిలుస్తుంది. ఆ పిలుపు వింటే మొదట్లో మురిసిపోయిన దాన్ని, అప్పటికి దోమ ముసిరినట్టు అనిపించేది. పాపం ఆ పిల్ల ఏం చేసింది? ఏమీ చేయలేదు. అదే నా బాధ.

దవాఖానకు పోయాను. రక్తం తీసి చూశారు. షుగర్ లేదు, థైరాయిడ్ లేదు, రక్తం కొంచెం తక్కువ. గోలీలు రాశారు. ఇంటి మీదికి మనసు తెచ్చే గోలీ ఏదైనా ఉందా అని అడగాలనుకుని, అడగలేక వచ్చాను.

మా గల్లీలో రుమానా అని పాతికేళ్ళ పిల్ల ఉంది. మదర్సాలో చదివింది, సాయంత్రాలు పిల్లలకు ఖురాన్ నేర్పుతుంది. వయసులో నా బిడ్డంతే అయినా అందరికీ ఉస్తానీ, పంతులమ్మ. రంజాన్ మొదటి వారంలో దానికి చెప్పుకున్నాను.

చెప్పిందంతా విని, నా చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. “ఆపా, మీకు రోగం లేదు. దునియా మీది దిల్ లేసిపోయింది. గిట్ల కావాలని పెద్ద పెద్దోళ్ళు ఏండ్లకేండ్లు కోషిష్ చేసిన్రు. అల్లా మిమ్మల్ని తన దిక్కు పిలుస్తున్నడు.”

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు తేనెలా ఉంది. నాగవ్వ చెప్పిన కారణం కంటే ఇది వంద రెట్లు బాగుంది. ముసలితనం అనుకున్నది కాస్తా పెద్దరికం అయిపోయింది.

“ఎతెకాఫ్ కూసోండ్రి ఆపా, ఆఖరి పది దినాలు” అంది రుమానా.

రంజాన్ చివరి పది రోజులు మగవాళ్ళు కొందరు మసీదులోనే ఉండిపోతారు. ఇల్లూ, పనీ, బేరాలూ అన్నీ వదిలి. ఆడవాళ్ళు అయితే ఇంట్లోనే, నమాజు చదువుకునే మూలలో ఒక పర్దా కట్టుకుని కూర్చోవచ్చు. కాళ్ళు చేతులు కడుక్కోవడానికీ, దొడ్డికీ తప్ప ఆ చోటు దాటకూడదు. దాటితే ఎతెకాఫ్ విరిగిపోతుంది. తర్వాత ఎప్పుడైనా ఒక రోజు రోజా, అంటే ఉపవాసం, ఉండి మళ్ళీ కూర్చుని దాని కజా, అంటే బాకీ, తీర్చుకోవాలి. వయసులో ఉన్నప్పుడు ఆడదానికి వరుసగా పది రోజులు ఎక్కడ దొరుకుతాయి? నెలసరి అడ్డం, పిల్లలు అడ్డం, పొయ్యి అడ్డం. ఈ ఏడాది మొదటిసారి నాకు ఏ అడ్డమూ లేదు.

మొగుడి ఇజాజత్, ఒప్పుదల, ఉండాలి. తెల్లవారుజామున సహరీ తినేటప్పుడు అడిగాను.

“పది దినాలా? మరి ఇఫ్తార్ ఎవలు జేస్తరు?” అన్నాడు ఖయ్యూమ్. మొట్టమొదట అదే అడిగాడు.

“నేను జేస్త అబ్బా” అంది ఫౌజియా మామతో. “అమ్మీని కూసోనియ్యిండ్రి. ముప్పై ఏండ్లల్ల ఏం అడిగింది?”

మా ఆయన నన్నొకసారి, దాన్నొకసారి చూశాడు. “నీకు ఐదో నెల బిడ్డా” అన్నాడు.

“ఐదో నెలల బోధన్‌ల మా అమ్మీ వరినాట్లకు వోయింది” అంది ఆ పిల్ల నవ్వుతూ.

షెడ్డులో చెబితే నాగవ్వ ఒక్కటే అంది. “ఉట్టికెగురలేనమ్మ సొర్గానికి ఎగురుతదంట. పో తల్లీ, పోయి మాకు గూడ ఒక చెద్దరు పరిచి వెట్టు.”

ఇరవయ్యో రోజా సాయంత్రం పొద్దు గూకకముందే నడింట్లో, బీరువా పక్క మూలలో కూర్చున్నాను. ఫైజల్ తాడు కట్టాడు. ఫౌజియా తన పెళ్ళి నాటి ఆకుపచ్చ చెద్దరు పర్దాగా వేసింది. అది కొంచెం పొట్టి, కింద జానెడు సందు ఉండేది. మూలకూ వంటింటి గడపకూ పన్నెండు అడుగులు. ఆ లెక్క ఎలా తెలుసని అడగకండి, తర్వాత చాలాసార్లు కొలిచాను.

మొదటి రెండు రోజులు ఇల్లు అతలాకుతలమైంది. చింతపండు ఎక్కడుంది, గ్యాస్ ఎందుకు ఆరిపోతోంది, పాలవాడికి ఏం చెప్పాలి? పర్దా లోపలి నుంచి నేను జవాబులు చెబుతూనే ఉన్నాను. ఎతెకాఫ్‌లో మాట్లాడకూడదని లేదు, పనికిమాలిన మాటలు తగ్గించుకోవాలి. నాకేమో ఇంటి మాటలన్నీ పనికిమాలినవే అనిపించేవి. మూడో రోజు ఖయ్యూమ్ “పకోడీల ఉప్పు లేదు!” అని అరిచాడు. నేను పలకలేదు. కాసేపటికి ఉప్పు డబ్బా మూత చప్పుడైంది. అతనే లేచి వేసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

నాలుగో రోజు నుంచి ఎవరూ ఏమీ అడగలేదు. అన్నం ఉడుకుతోంది, బట్టలు ఆరుతున్నాయి, మగవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. నా ఇల్లు నేను లేకుండా నడుస్తోంది, నేను అక్కడే కూర్చుని వింటున్నాను. చచ్చిపోయినవాళ్ళకు ఇలాగే వినపడుతుందేమో. ఏడుపు రావాలి కదా? రాలేదు. హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందంటే చిన్నప్పుడు మా అమ్మ ఒడిలో కూడా అంత లేదు. ఇదే నా చోటు, ఇన్నాళ్ళూ పొరపాటున వేరే చోట ఉన్నాను అనుకున్నాను. పర్దా కింది సందులోంచి ఫౌజియా పాదాలు అటూ ఇటూ తిరుగుతుంటే చూసేదాన్ని. కొంచెం ఉబ్బాయి అని గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఇరవై ఏడో రోజా. మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక తస్బీ పూసలు తిప్పుతూ కూర్చున్నాను. ఇంట్లో ఫౌజియా తప్ప ఎవరూ లేరు. ఇరవై ఏడో రోజు గొప్పదని ఆ పిల్ల కూడా రోజా పట్టిందని నాకు తెలియదు. కడుపుతో ఉన్నదానికి అక్కర్లేదు. పెద్దదాన్ని, నాకు చెబితే వద్దంటానని చెప్పలేదట.

వంటింట్లో ఏదో పెద్ద గిన్నె పడింది. దాని వెంట ఇంకేదో మెత్తగా పడింది.

“అమ్మీ” అంది ఫౌజియా.

నేను విన్నాను. భయంతో బిగుసుకుపోయానని చెప్పను. అబద్ధం. వినపడలేదని కూడా చెప్పను. ఆ గొంతు ఎవరిదో తెలుసు, పడింది ఏమిటో తెలుసు, ఆ పిలుపు మామూలు పిలుపు కాదని కూడా తెలుసు. కానీ అది పక్కింట్లో ఎవరినో ఎవరో పిలిచినట్టు ఉంది. వాళ్ళమ్మీ వెళుతుందిలే అన్నట్టు ఉంది. నా వేళ్ళు తస్బీ మీద నడుస్తూనే ఉన్నాయి.

“అమ్మీ” అని ఇంకోసారి. మూడోసారి సగమే వినపడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడమే నన్ను లేపింది. అప్పటికి ఎన్ని పూసలు తిప్పానో తెలియదు. రెండు నిమిషాలు ఉండొచ్చు, తక్కువే ఉండొచ్చు. లేచి పర్దా తోసుకుని పరుగెత్తాను.

పిల్ల గోడకు చేరగిలబడి ఉంది. సల్వార్ తడిసింది. నేను పెట్టిన కేకకు గల్లీ అంతా కదిలింది. పక్కింటి ప్రభుదాస్ కిరాయి కారు నడుపుతాడు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడట, దాంట్లో పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోయాం. నా కాళ్ళకు చెప్పులు లేవు, ఒంటిమీద నమాజు దుపట్టా. తస్బీ చేతికి చుట్టుకునే ఉంది. అది చూసి నర్సమ్మ దండం పెట్టింది.

గంట తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. రక్తం ఆగింది, లోపల బిడ్డ బాగానే ఉంది, పదిహేను రోజులు మంచం దిగొద్దు అంది. “ఇంకొంచెం లేటయితే ఏమయ్యేదో. ఎవరు చూశారు ముందు?”

మంచం మీది నుంచి ఫౌజియా చెప్పింది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. “మా అమ్మీ. పిలవంగనే వచ్చింది.”

ఫైజల్ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఇరవై నాలుగేళ్ళ మగాడు, చిన్నపిల్లాడిలా. నేను వాడి తల నిమిరాను. ఏ తల్లయినా ఆ సమయంలో చేసేదే చేశాను.

అక్కడే మొదలైంది నా పెద్దరికం. వజీరా ఏడు రోజుల ఎతెకాఫ్ విరగ్గొట్టుకుని కోడలి ప్రాణం కాపాడిందని ఇఫ్తార్ వేళకు గల్లీ అంతా పాకింది. ఖయ్యూమ్ ఆటోలో ఎక్కిన ప్రతి మనిషికీ చెప్పి ఆ కథను నందిపేట్ దాకా తీసుకుపోయాడు. రుమానా వచ్చి, “ప్రాణం కాపాడనీకి లేసిన్రు, గునా కాదు ఆపా. కజా ఒక్క దినం తీర్చుకోండ్రి, చాలు. మీకు రెండింతల సవాబ్” అంది, రెట్టింపు పుణ్యమని. విరిగినా మిగిలిన మూడు రోజులు కూర్చోమంది కూడా. కోడలు మంచం మీద ఉందని చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి, ఆ పర్దా దగ్గరికి పోవాలంటే నాకు భయం.

ఎవరి ముందు ఒప్పుకోను? ఇటు ఇంటికీ కాకుండా, అటు అల్లాకూ కాకుండా రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. అల్లా పిలిచాడు కాబట్టి లేవలేదా? అల్లా పిలిస్తే పక్కన పిల్ల పడి ఉంటే లేవొద్దని పిలుస్తాడా? లేక ఏడాదిగా ‘అమ్మీ అమ్మీ’ అని పీక్కుతిన్నందుకు లోపల ఎక్కడో దాచుకున్న కోపమా? లేక నాగవ్వ చెప్పినట్టు ఉత్త ఒంటి మార్పా? ఒక్కో నమాజుకు ఒక్కో కారణం నిజమనిపించేది.

పండగైన రెండు వారాలకు షెడ్డుకు పోయాను. సీజన్ చివరికొచ్చింది, కుప్పలు చిన్నవయ్యాయి. మేమిద్దరమే మిగిలినప్పుడు నాగవ్వకు ఉన్నదంతా చెప్పాను. అది తిడుతుందనుకున్నాను, లేదా ఓదారుస్తుందనుకున్నాను. చాలాసేపు ఏరుతూనే ఉంది.

“ఎన్నిసార్లు పిలిచింది?”

“మూడు.”

“నేనైతే లేస్తుంటి” అంది నాగవ్వ. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం మాత్రం నా సద్ది గిన్నె కూడా అదే కడిగి ఇచ్చింది.

ఫౌజియా మంచం దిగింది. మునుపటిలా నా వెనక తిరగడం లేదు. ఏదడిగినా జవాబు చెబుతుంది, ఏది పెట్టినా తింటుంది. పిలవడం మాత్రం మానేసింది. ఉప్పు ఎక్కడుందో వెతుక్కుంటుంది కానీ అడగదు. నేను కోరుకున్నది అదే కదా! ఇప్పుడు ఒక్కసారి పిలిస్తే బాగుండునని వంటింటి చుట్టే తిరుగుతున్నాను. బోధన్ నుంచి వాళ్ళమ్మీ రోజూ ఫోన్ చేస్తోంది. ఏడో నెల పడగానే తీసుకుపోతానని, కాన్పయ్యాక కూడా పిల్ల నడిచేదాకా అక్కడే ఉంచుకుంటానని. ఫైజల్‌ను కూడా బోధన్‌లోనే దుకాణం చూసుకొమ్మంటోందని తెలిసింది. ఫౌజియా అవుననలేదు, కాదనలేదు.

ఒక సాయంత్రం బట్టలు మడుస్తూ తనే అంది. “కజా ఎప్పుడు కూసుంటవ్ అమ్మీ? ఉస్తానీ అడిగింది.”

“కూసుంటలే బిడ్డా. తొందరేముంది.”

“రేపు కూసో. నేను పర్దా కడ్త.”

ఆకుపచ్చ చెద్దరు తీసి దులిపింది. నేను ఆ చెద్దరు రెండో కొస పట్టుకున్నాను. ఎందుకో అప్పుడే నోరు జారింది. “ఫౌజియా, ఆ దినం... నీకు యాదికుందా?”

“ఉంది.”

“ఎంత యాదికుంది?”

చెద్దరు మడత మీదే కళ్ళు పెట్టి చెప్పింది. “మూడుసార్లు పిలిచిన. పర్దా కింద నీ మోకాలు కనవడ్తుండె. కదులుతదేమో అని చూసిన. కదల్లే.”

నేను చెద్దరు కొస వదల్లేదు.

“మరి దవాఖానల గట్లెందుకు చెప్పినవ్?”

“మల్ల ఎట్ల చెప్పాలె? మా అమ్మీ ఇన్నది, రాలే అని చెప్పాల్నా?” కోపమో ఏడుపో నాకు తెలియలేదు. “ఏడాదైంది నేనొచ్చి. పొద్దుగాల అబ్బా పోతడు, నా మనిషి పోతడు. గీ ఇంట్ల నాకున్నది నువ్వొక్కదానివే. నువ్వు గూడ లేవని ఒప్పుకుంటే నేనీడ ఎవరితోని ఉండాలె?”

నేనొక్కదాన్నే ఈ ఇంట్లో పరాయిదాన్ని అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా వెనకే ఇంకొకతి పరాయిగా తిరుగుతోందని, అందుకే అన్నిసార్లు పిలిచేదని అప్పటికి గానీ తట్టలేదు. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

“యాడికి వోయినవ్ అమ్మీ ఆ దినం?” అంది.

“తెల్వదు బిడ్డా. ఒట్టు. నాకు తెల్వదు.”

తలాడించి, తాడు మీద చెద్దరు వేసింది.

మర్నాడు సాయంత్రం మగ్‌రిబ్ నమాజుకు ముందు కూర్చున్నాను. ఆ రాత్రి, ఆ పొద్దున గడిచాయి. ఆ హాయి మళ్ళీ వస్తుందేమోనని భయం, రాదేమోనని ఇంకో భయం. ఒకటి రెండుసార్లు వచ్చినట్టే అయింది. అది వచ్చినప్పుడల్లా చెవులు వంటింటి వైపు పెట్టి, ఆ పిల్ల నడక వినపడుతోందా లేదా అని చూసుకున్నాను. వినపడితే హాయి పోయేది. వినపడకపోయినా పోయేది.

ఇంకో నాలుగు గంటలు ఆగితే పొద్దు గూకుతుంది, కజా తీరిపోతుంది. అప్పుడు వినపడింది.

“అమ్మీ.”

పెద్దగా కాదు. మామూలుగా, మునుపు రోజుకు వందసార్లు పిలిచినట్టే.

పన్నెండు అడుగులూ ఎలా దాటానో తెలియదు. పర్దా తాడు తెగి నా భుజం మీదే వచ్చింది. ఫౌజియా వంటింట్లో పీట మీద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. కింద ఏమీ పడలేదు. ఎక్కడా తడి లేదు. మొహం మామూలుగా ఉంది.

“ఏమైంది? ఏమైందే?”

“ఏం లేదమ్మీ.”

“ఏం లేదా? మరెందుకు పిలిచినవ్?”

“ఉత్తగనే పిలిచిన” అంది.

నా ఒళ్ళు మండిపోయింది. ఇరవై గంటలు కూర్చున్నది బూడిదలో పోసిన పన్నీరయింది. “పిచ్చి లేసిందా నీకు? మల్ల విరిగింది గద! తెల్వదా నీకు?”

“తెల్సు” అంది.

తలెత్తి నన్ను చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు, నవ్వు కూడా లేదు. నేను గడపలో నిలబడి ఉన్నాను, వచ్చాను, అది చూస్తోంది. అప్పుడు నా కోపం ఎటు పోయిందో పోయింది. దాని మీద ప్రేమతో లేచానా, మళ్ళీ లేవకపోతే అది బోధన్ పోతుందన్న భయంతో లేచానా అంటే ఇప్పటికీ చెప్పలేను. లేచాను.

“ఇంకో దినం కూసుంట” అన్నాను. “మల్ల పిలుస్తవా?”

“తెల్వదు అమ్మీ” అంది ఫౌజియా.

ఇంకో పీట ముందుకు జరిపింది. కూర్చున్నాను. ఎంతసేపు కూర్చోగలనో నాకూ తెలియలేదు.